ఆటోమేటిక్ రైల్వే గేటు నమూనా: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టుల్లోనూ, పాఠశాలల సైన్స్ ప్రదర్శనల్లోనూ ఆటోమేటిక్ రైల్వే గేటు తరచూ కనిపిస్తుంది. బల్ల మీద గుండ్రంగా పట్టాలు, బ్యాటరీతో నడిచే బొమ్మ రైలు, పట్టాలకు అడ్డంగా రోడ్డు, రోడ్డుకు అటూ ఇటూ పట్టాల పక్కన చెరో ఐఆర్ (పరారుణ కాంతి) సెన్సర్, ప్రోగ్రాం ఎక్కించి నడిపే ఆర్డునో ఊనో బోర్డు, చెప్పిన కోణానికి గేటు కర్రను తిప్పే ఎస్‌జీ90 సర్వో మోటారు. రైలు మొదటి సెన్సర్ ముందుకు రాగానే గేటు పడాలి, రెండోది దాటాక లేవాలి. చేయాల్సిన పని ఇంతే అయినా, చేసి చూస్తే ఒక్కో చోట ఒక్కో రకంగా మొండికేస్తుంది. ఎక్కువగా ఎదురయ్యే చిక్కులేమిటో, వాటి మూలం ఎక్కడుంటుందో, ఎలా సరిచేయాలో చూద్దాం.

గేటు సరిగా కదలకపోగానే ప్రోగ్రాం తెరిచి అంకెలు మార్చే అలవాటు చాలామందికి ఉంది. అది మానుకోవాలి. ముందు కరెంటు చూడాలి, తర్వాత సెన్సర్, ఆ తర్వాతే ప్రోగ్రాం. కరెంటు చాలని బోర్డు మీద ఎంత మంచి ప్రోగ్రాం ఎక్కించినా పిచ్చిగానే ప్రవర్తిస్తుంది. అప్పుడు లేని తప్పును ప్రోగ్రాంలో వెతుకుతూ రాత్రంతా గడిచిపోతుంది. ఒక మామూలు మల్టీమీటరు, కంప్యూటర్‌లో సీరియల్ మానిటర్ (బోర్డు పంపే మాటలను చూపే కిటికీ) ఉంటే చాలు, ఇక్కడ చెప్పే పరీక్షలన్నీ చేయవచ్చు.

సమస్య: గేటు కదలగానే అంతా మళ్లీ మొదటికి వస్తోంది

రైలు వస్తుంది, గేటు కొంచెం దిగుతుంది, ఉన్నట్టుండి ఒక్క కుదుపుతో తిరిగి పైకి లేస్తుంది. లేదా సగంలో ఆగి వణుకుతుంది. బోర్డు మీది చిన్న దీపాలు మసకబారి మళ్లీ వెలుగుతాయి.

ఇలా జరిగితే బోర్డు రీసెట్ అవుతోందని ముందుగా అనుమానించాలి. రుజువు చేసుకోవడం తేలిక. ప్రోగ్రాంలో సెటప్ భాగంలో “మొదలైంది” అని సీరియల్ మానిటర్‌కు పంపే ఒక వాక్యం పెట్టండి. బోర్డుకు కరెంటు ఇచ్చినప్పుడు అది ఒక్కసారి కనిపించాలి. గేటు కదిలిన ప్రతిసారీ కనిపిస్తుంటే అనుమానం నిజమే.

కారణం దాదాపు ఎప్పుడూ 9 వోల్టుల చదరపు బ్యాటరీయే. దాని మీద 9 వోల్టులని రాసి ఉన్నంత మాత్రాన మోటారు లాగినంత కరెంటు ఇవ్వలేదు. లోపలి నిరోధం ఎక్కువ కాబట్టి గట్టిగా లాగితే వోల్టేజీ కూలిపోతుంది. ఎస్‌జీ90 చూడటానికి 9 గ్రాముల చిన్న మోటారే అయినా, కదలడం మొదలుపెట్టినప్పుడు, లేదా కర్ర ఎక్కడైనా తట్టుకుని ఆగినప్పుడు అర ఆంపియర్ దాటి లాగుతుంది. బోర్డు మీది 5 వోల్టుల పిన్ను నుంచి మోటారుకు కరెంటు ఇస్తే ఆ భారమంతా బోర్డు మీదే పడుతుంది. మల్టీమీటరును ఆ పిన్ను దగ్గర పెట్టి గేటును కదిలించి చూస్తే అంకె పడిపోవడం కళ్లారా కనిపిస్తుంది.

పరిష్కారం మోటారుకు వేరే సరఫరా ఇవ్వడం. నాలుగు ఏఏ సెల్లుల పెట్టె గానీ, 5 వోల్టులు 2 ఆంపియర్ల ఫోను ఛార్జర్ గానీ సరిపోతుంది. మోటారు ఎర్ర తీగ ఆ సరఫరాకే వెళ్లాలి, బోర్డు 5 వోల్టుల పిన్నుకు కలపకూడదు. కానీ రెండు సరఫరాల గ్రౌండ్ (రుణ) తీగలు మాత్రం తప్పనిసరిగా కలిసి ఉండాలి. ఈ ఒక్క తీగ మరిచిపోయి, వేరే బ్యాటరీ పెట్టాక మోటారు అసలే మాట వినడం లేదని మళ్లీ పాత పద్ధతికి వెళ్లేవాళ్లు చాలామంది. గ్రౌండ్ కలవకపోతే బోర్డు పంపే సంకేతాన్ని మోటారు దేనితో పోల్చి చూడాలి? మోటారు సరఫరాకు దగ్గరగా 470 లేదా 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి పెడితే తొలి కుదుపు కూడా సర్దుకుంటుంది. దాని ధన, రుణ కాళ్లు తారుమారు కాకుండా చూసుకోండి.

బ్రెడ్‌బోర్డు (తీగలను అతకకుండా గుచ్చే రంధ్రాల పలక) వాడితే ఇంకొక సంగతి. పొడవాటి బ్రెడ్‌బోర్డుల్లో అంచున ఎరుపు, నీలం గీతలతో ఉండే సరఫరా వరుసలు కొన్నింటిలో మధ్యలో తెగి ఉంటాయి. గీత కూడా అక్కడ ఆగి మళ్లీ మొదలవుతుంది, గమనించండి. కుడి సగంలో గుచ్చిన సెన్సర్ వెలగడం లేదంటే ఆ రెండు సగాలను చిన్న తీగతో కలపండి.

సమస్య: రైలు లేకుండానే గేటు పడుతోంది, లేదా రైలు వచ్చినా పడటం లేదు

రెండూ ఒకే చోట పుడతాయి. మార్కెట్లో దొరికే చిన్న ఐఆర్ మాడ్యూల్ మీద రెండు బల్బుల్లాంటివి పక్కపక్కనే ఉంటాయి. తెల్లగా కనిపించేది పరారుణ కాంతిని పంపుతుంది, నల్లగా కనిపించేది తిరిగి వచ్చిన కాంతిని అందుకుంటుంది. వెనుక ఎల్‌ఎం393 అనే, రెండు వోల్టేజీలను పోల్చే కంపారేటర్ చిప్పు, స్క్రూడ్రైవరుతో తిప్పే చిన్న నీలి నాబ్, రెండు దీపాలు. ఒక దీపం కరెంటు ఉందని చెబుతుంది, రెండోది ఎదురుగా వస్తువు ఉందని చెబుతుంది. వస్తువు కనిపిస్తే అవుట్‌పుట్ సున్నాకు పడుతుంది, లేకపోతే 5 వోల్టుల దగ్గర ఉంటుంది. దీన్ని తిరగేసి అనుకుని ప్రోగ్రాం రాస్తే, రైలు లేనప్పుడు గేటు పడి, రైలు వచ్చినప్పుడు లేస్తుంది. కాబట్టి ముందు ఆ రెండో దీపాన్ని చూడండి. చేయి అడ్డం పెట్టినప్పుడు అది సరిగా వెలిగి ఆరుతుంటే సెన్సర్ బాగానే ఉంది, తప్పు తీగలోనో ప్రోగ్రాంలోనో ఉంది. దీపమే తప్పుగా వెలుగుతుంటే ప్రోగ్రాం జోలికి పోవద్దు.

దీపం ఎప్పుడూ వెలిగే ఉందంటే నాబ్ మరీ ఎక్కువగా తిప్పి ఉండవచ్చు. ఎదుటి గోడో, పట్టాల మెరుపో, బల్ల మీద పరిచిన తెల్ల కాగితమో కాంతిని తిప్పి పంపుతూ ఉండవచ్చు. అన్నిటికంటే ముఖ్యమైన కారణం ఎండ. సూర్యకాంతిలో పరారుణం దండిగా ఉంటుంది. గదిలో రాత్రిపూట చక్కగా పనిచేసిన నమూనా, మర్నాడు కిటికీ పక్కన బల్ల మీద పెట్టగానే గందరగోళపడేది ఇందుకే. అందుకునే నల్ల బల్బుకు రెండు సెంటీమీటర్ల నల్ల హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే ప్లాస్టిక్) గొట్టం తొడిగితే పక్కల నుంచి వచ్చే కాంతి చాలావరకు ఆగిపోతుంది.

రైలు వచ్చినా దీపం వెలగకపోతే రైలు రంగు చూడండి. బొమ్మ ఇంజిన్లు ఎక్కువగా నల్లగానో ముదురు రంగులోనో ఉంటాయి. నలుపు పరారుణాన్ని మింగేస్తుంది, తిరిగి పంపదు. ఇంజిన్ పక్కన తెల్ల కాగితం పట్టీ అతికిస్తే వెంటనే తేడా తెలుస్తుంది. ఐఆర్ కాంతి అసలు వస్తోందా లేదా అన్నది కంటికి కనిపించదు. ఫోను కెమెరాలోంచి చూస్తే ఊదారంగు చుక్కలా కనిపిస్తుంది. కొన్ని ఫోన్ల వెనుక కెమెరా ఆ కాంతిని వడకట్టేస్తుంది, అలాంటప్పుడు ముందు కెమెరాతో చూడండి.

అల్ట్రాసోనిక్ సెన్సర్‌కు మారితే బాగుంటుందని కొందరు సలహా ఇస్తారు. ఈ పనికి అది నాకు నచ్చదు. దాని ధ్వని కోణంగా విస్తరిస్తుంది, పక్కన నిలబడి చూసేవాళ్ల చేతులు కూడా రైళ్లయిపోతాయి.

సమస్య: రైలు ఇంకా గేటు దగ్గరే ఉండగా కర్ర లేచిపోతోంది

అన్నిటిలోకీ ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. మిగతావి చిరాకు పెడతాయి. నిజమైన గేటు ఇలా చేస్తే మనుషులు పోతారు.

సాధారణంగా రాసే ప్రోగ్రాం ఇలా ఉంటుంది: మొదటి సెన్సర్‌కు వస్తువు కనిపిస్తే గేటు వెయ్యి, రెండో సెన్సర్‌కు కనిపిస్తే గేటు తియ్యి. రెండో సెన్సర్ ముందుకు ఇంజిన్ రాగానే గేటు లేస్తుంది. వెనుక నాలుగు బోగీలుంటే అవి అప్పటికి రోడ్డు మీదే ఉండవచ్చు. ఇది గమనించి, “రెండో సెన్సర్‌కు కనిపించి, తర్వాత కనిపించకుండా పోతే తియ్యి” అని మారుస్తారు. ఈసారి ఇంజిన్‌కూ మొదటి బోగీకీ మధ్య సందు రాగానే గేటు లేస్తుంది, బోగీ రాగానే మళ్లీ ఏమి చేయాలో తెలియక ఊగుతుంది. అప్పుడు ఐదు సెకన్ల డిలే పెడతారు. డిలే నడుస్తున్నంత సేపు బోర్డు ఇంకేదీ చూడదు. ఆ ఐదు సెకన్లలో ఇంకో రైలు వచ్చినా దానికి తెలియదు.

సరైన మార్గం సందు గురించి ఆలోచించడం. రెండు బోగీల మధ్య రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉందనుకుందాం. రైలు సెకనుకు 20 సెంటీమీటర్ల వేగంతో పోతుంటే ఆ ఖాళీ సెన్సర్ ముందు పదో వంతు సెకను మాత్రమే ఉంటుంది. బ్యాటరీ నీరసించి సెకనుకు 5 సెంటీమీటర్లే నడిచినా అర సెకను దాటదు. అందువల్ల నిష్క్రమణ సెన్సర్ ముందు ఒకటిన్నర సెకన్ల పాటు ఎడతెగకుండా ఖాళీ కనిపిస్తేనే రైలు వెళ్లిపోయినట్టు లెక్క. మధ్యలో ఒక్కసారి ఏదైనా కనిపిస్తే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవ్వాలి. దీన్ని డిలేతో కాకుండా, బోర్డు మొదలై ఎన్ని మిల్లీసెకన్లయిందో చెప్పే మిల్లిస్ ఫంక్షన్‌తో రాయాలి. చివరిసారి వస్తువు కనిపించిన క్షణాన్ని గుర్తుపెట్టుకుని, ఇప్పటికీ దానికీ మధ్య తేడా 1500 మిల్లీసెకన్లు దాటిందా అని చూడటమే. ఈ మధ్యలో బోర్డు మిగతా సెన్సర్లను కూడా గమనిస్తూనే ఉంటుంది.

ఇంకా ఒక చిక్కు మిగులుతుంది. రైలు సరిగ్గా సందు సెన్సర్ ముందుండగా ఆగిపోతే? ఒకటిన్నర సెకన్లేమిటి, పది సెకన్లు గడిచినా ఖాళీయే కనిపిస్తుంది, గేటు లేస్తుంది. దీనికి ప్రోగ్రాంలో మందు లేదు. కాంతిపుంజాన్ని పట్టాలకు నిటారుగా కాకుండా ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల కోణంలో పోనివ్వాలి. అలా చేస్తే సందు ఎదురుగా ఉన్నా ముందు బోగీ మూలో వెనుక బోగీ మూలో కాంతికి అడ్డుపడుతుంది. ఇందుకు పంపే బల్బు పట్టాలకు ఒక వైపు, అందుకునేది ఇంకో వైపు ఉండాలి. ఆ మార్పు ఎలా చేయాలో కింద చెబుతాను, దానికి ఇంకా పెద్ద ప్రయోజనం కూడా ఉంది.

సమస్య: గేటు పూర్తిగా పడకముందే రైలు వచ్చేస్తోంది

మోటారు వేగం పెంచే దారి వెతకకండి. సెన్సర్‌ను దూరం జరపండి. అమెరికా ఫెడరల్ నిబంధనల ప్రకారం రైలు గేటును చేరడానికి కనీసం 20 సెకన్ల ముందే హెచ్చరిక మొదలవ్వాలి. దీపాలు మెరవడం మొదలై కనీసం 3 సెకన్లు గడిచాకే కర్ర దిగాలి, రైలు రావడానికి కనీసం 5 సెకన్ల ముందే అడ్డంగా నిలిచి ఉండాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు 20 సెకన్లలో సుమారు 555 మీటర్లు వస్తుంది. అంటే అంత దూరంలోనే రైలు రాక తెలిసిపోవాలి.

బల్ల మీద కూడా లెక్క అదే. బజరు మోగడానికి ఒక సెకను, కర్ర దిగడానికి ఒక సెకను, దిగాక రైలు రావడానికి మరో సెకను వదిలితే మొత్తం 3 సెకన్లు. రైలు వేగం సెకనుకు 30 సెంటీమీటర్లయితే సెన్సర్ రోడ్డుకు 90 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. మీ రైలు వేగం ఎంతో టేపుతో, ఫోనులోని స్టాప్‌వాచ్‌తో కొలవండి. కొత్త సెల్లులు వేసి కొలవాలి, ఎందుకంటే రైలు వేగంగా పోయేది అప్పుడే. చిన్న గుండ్రటి పట్టాల మీద 90 సెంటీమీటర్లు దొరక్కపోవచ్చు. అలాంటప్పుడు రైలుకు వేసే సెల్లుల సంఖ్య తగ్గించి వేగం తగ్గించడం ఒక్కటే నిజాయితీగల దారి.

సమస్య: రెండో వైపు నుంచి వస్తే అంతా తలకిందులు, దాటిపోయాక గేటు మళ్లీ పడుతోంది

“ఎడమ సెన్సర్ అంటే రాక, కుడి సెన్సర్ అంటే పోక” అని ప్రోగ్రాంలో రాసేస్తే రైలును వెనక్కి నడపగానే దొరికిపోతాం. ఏ సెన్సర్ ముందు స్పందిస్తే అది రాక, రెండోది పోక అని రాయాలి. ఇందుకు గేటు ఏ స్థితిలో ఉందో గుర్తుంచుకునే చరరాశి ఒకటి అవసరం: లైను ఖాళీ, ఎడమ నుంచి వస్తోంది, కుడి నుంచి వస్తోంది. లైను ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే కొత్త రాకను ఒప్పుకోవాలి.

సెన్సర్లను దూరం జరిపాక కొత్త ఫిర్యాదు వస్తుంది: రైలు రోడ్డు దాటి ఎంతో దూరం పోయినా గేటు లేవడం లేదు. అది న్యాయమైన ఫిర్యాదే. జనం ఊరికే నిలబడాల్సి వస్తే కర్ర కింది నుంచి దూరడం మొదలుపెడతారు, మన ఊళ్లలో రోజూ చూస్తున్నదే. అమెరికా గేట్ల దగ్గర ఇందుకోసం రోడ్డుకు రెండువైపులా రైలును గుర్తించే దూరపు సర్క్యూట్లతో పాటు రోడ్డు ఉన్నంత మేర చిన్న సర్క్యూట్ మరొకటి ఉంటుంది. రైలు ఆ మధ్య భాగాన్ని వదలగానే కర్ర లేస్తుంది. మీరు కూడా రోడ్డు దగ్గర మూడో సెన్సర్ పెట్టండి. అయితే ఒక జాగ్రత్త అవసరం. రైలు రోడ్డు దాటి గేటు లేచాక అవతలి దూరపు సెన్సర్ ముందుకు వెళ్తుంది. ప్రోగ్రాం దాన్ని కొత్త రైలని భ్రమపడి మళ్లీ గేటు వేస్తుంది. “వెళ్తోంది” అనే నాలుగో స్థితి చేర్చి, ఆ రైలు దూరపు సెన్సర్‌ను పూర్తిగా వదిలే వరకు ఆ ఒక్క సెన్సర్‌ను మాత్రమే రాకగా లెక్కించకూడదు. ఎదుటి వైపు సెన్సర్‌ను మాత్రం గమనిస్తూనే ఉండాలి.

రెండు లైన్ల నమూనా చేసేవాళ్లు ఒక్కో లైనుకు విడిగా ఇలాంటి స్థితి ఉంచి, రెండూ ఖాళీ అయినప్పుడే గేటు తీయాలి. ఒక రైలు వెళ్లిపోయిందని పరుగున దాటబోయి రెండో లైను మీద వస్తున్న రైలు కింద పడటం నిజజీవితంలో జరిగే ఘోరం. నమూనాలో దాన్ని చూపించి సరిచేస్తే ఆ ప్రాజెక్టుకు నిజమైన విలువ వస్తుంది.

సమస్య: సెన్సర్ తీగ ఊడితే గేటు తెరిచే ఉండిపోతోంది

ఇది చాలామంది సమస్యగా గుర్తించరు. తీగ ఊడితే పనిచేయదు కదా, మళ్లీ గుచ్చితే సరి అనుకుంటారు. కానీ ఆ స్థితిలో గేటు ఏం చెబుతోందో చూడండి: రైలు రావడం లేదు, దాటవచ్చు అంటోంది. అబద్ధం, అదీ ప్రాణాల మీదికి తెచ్చే అబద్ధం.

పరీక్ష చేయండి. రైలును ఆపి, మొదటి సెన్సర్ సంకేత తీగను బోర్డు నుంచి పీకండి. గేటు లేచే ఉంటే మీ నమూనా ప్రమాదకరమైన వైపు చెడుతోందన్నమాట.

అసలు రైల్వే వాళ్లు దీన్ని 19వ శతాబ్దంలోనే సాధించారు. అమెరికాకు చెందిన విలియం రాబిన్సన్ 1872లో పేటెంటు పొందిన ట్రాక్ సర్క్యూట్ కిటుకు ఇదే. పట్టాల ఒక చివర బ్యాటరీ, ఇంకో చివర రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్. రైలు లేనప్పుడు పట్టాల గుండా కరెంటు నిరంతరం పారుతూ రిలేను పట్టి ఉంచుతుంది. రైలు వస్తే దాని చక్రాలు, ఇరుసులు రెండు పట్టాలను కలిపేస్తాయి. రిలేకు కరెంటు అందదు, అది వదిలేస్తుంది, హెచ్చరిక మొదలవుతుంది. ఇప్పుడు బ్యాటరీ అయిపోయినా, తీగ తెగినా, పట్టా విరిగినా కూడా రిలేకు కరెంటు అందదు. అంటే ఏది చెడినా రైలు ఉన్నట్టే లెక్క. అక్కడి గేటు కర్రలను కరెంటే పైకెత్తి పట్టుకుంటుంది. కరెంటు పూర్తిగా పోతే కర్ర సొంత బరువుతో కిందికి దిగుతుంది.

మన దేశంలో గేట్లను ఎక్కువగా గేట్‌మన్లే వేస్తారు. ఇంటర్‌లాకింగ్ ఉన్న గేట్ల దగ్గర గేటు పడి తాళం పడితే తప్ప రైలుకు సిగ్నల్ రాదు. ఇక్కడా సూత్రం అదే, ఏదైనా తేడా వస్తే ఆగేది రైలు. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటు వద్ద స్కూలు బస్సును రైలు ఢీకొని పసిపిల్లలు ప్రాణాలు కోల్పోయారు. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజ్ లైన్లలో కాపలా లేని గేట్లన్నీ తొలగించారు. గేటు నమూనా చేసే విద్యార్థికి ఈ సంగతులు తెలిసి ఉండాలని నేను గట్టిగా అనుకుంటాను.

ఇక నమూనాలో ఇది ఎలా సాధించాలి? అదే మాడ్యూల్‌తో సాధ్యమే. తెల్ల బల్బును సోల్డరింగ్ ఐరన్‌తో ఊడదీసి, రెండు పొడవాటి తీగలతో పట్టాలకు అవతలి వైపు పెట్టండి. పొడుగు కాలు ఏ రంధ్రంలో ఉందో ముందే గుర్తుపెట్టుకుని, మళ్లీ దాని తీగనే అక్కడ అతకాలి. రెండు బల్బులూ ఎదురెదురుగా, బోగీ నడుము ఎత్తులో, ఏటవాలుగా ఉండాలి. మరీ కింద పెడితే చక్రాల మధ్య ఖాళీలు కనిపిస్తాయి. ఇప్పుడు రైలు లేనప్పుడు కాంతి నేరుగా అందుతుంది, అవుట్‌పుట్ సున్నా. రైలు అడ్డొస్తే కాంతి ఆగుతుంది, అవుట్‌పుట్ 5 వోల్టులు. వేలు అడ్డం పెడితే మాడ్యూల్ దీపం ఆరేలా, తీస్తే వెలిగేలా నీలి నాబ్ సర్దండి.

బోర్డు పిన్నును మామూలు ఇన్‌పుట్‌గా కాకుండా ఇన్‌పుట్ పుల్‌అప్‌గా ప్రకటించండి. అప్పుడు సంకేత తీగ ఊడితే ఆ పిన్ను తనంతట తానే 5 వోల్టులకు వెళ్తుంది, బోర్డు దాన్ని రైలుగా చదువుతుంది, గేటు పడుతుంది. ఐఆర్ బల్బు కాలిపోయినా ఇదే జరుగుతుంది. మాడ్యూల్‌ను కొన్నప్పటి తీరులోనే వాడితే ఈ రెండు సందర్భాల్లోనూ “రైలు లేదు” అనేది. ఎదురెదురు అమరిక తీసుకొచ్చే మార్పు ఇంతటిది.

అయితే ఎండ విషయంలో ఈ అమరిక తప్పు వైపు చెడుతుంది. సూర్యకాంతి నేరుగా నల్ల బల్బు మీద పడితే రైలు అడ్డున్నా కాంతి అందుతున్నట్టే ఉంటుంది. అందుకని ఇక్కడ నల్ల గొట్టం తప్పనిసరి. నల్ల బల్బు ముఖం కిటికీ వైపు లేకుండా బల్లను తిప్పి పెట్టండి.

సమస్య: కరెంటు ఇవ్వగానే గేటు ఎగిరి సగంలో నిలబడుతోంది

సర్వో లైబ్రరీ (మోటారును నడపడానికి ముందే రాసి ఉంచిన ప్రోగ్రాం) మోటారును జతచేసిన క్షణంలో, ఇంకా ఏ కోణమూ చెప్పకపోతే, 90 డిగ్రీల సంకేతం పంపుతుంది. అటాచ్ వాక్యానికి ముందే గేటు మూసి ఉండే కోణాన్ని రైట్ వాక్యంతో ఇచ్చేస్తే ఆ ఎగురుడు ఉండదు, మొదటి సంకేతమే మీరు చెప్పిన కోణానికి వెళ్తుంది.

తెరిచి ఉండే కోణం ఎందుకు ఇవ్వకూడదు? కరెంటు పోయి వచ్చినప్పుడు రైలు రెండు సెన్సర్ల మధ్య ఉండవచ్చు. బోర్డుకు ఆ సంగతి తెలియదు, దాని జ్ఞాపకం చెరిగిపోయింది. తెలియనప్పుడు మూసి ఉండాలి. నిజమైన లైన్ల మీద ఇరుసులు లెక్కపెట్టే యాక్సిల్ కౌంటర్లను రీసెట్ చేయాల్సి వచ్చినా, లైను ఖాళీగా ఉందని నిర్ధారించే పద్ధతి పాటించాకే మామూలు రాకపోకలు మొదలవుతాయి. మీరు ఒక పుష్‌బటన్ పెట్టండి. మొదలైనప్పుడు గేటు మూసే ఉంటుంది, మనిషి పట్టాలు చూసి బటన్ నొక్కాకే లేస్తుంది. రైలు లోపలికి వచ్చి వెనక్కి పోతే గేటు మూసే ఉండిపోతుంది కదా, దానికీ ఈ బటనే మందు.

సమస్య: కర్ర వణుకుతోంది, మోటారు జుమ్మంటోంది

కర్ర బరువు తగ్గించండి. ఐస్‌క్రీం పుల్ల కంటే పలుచని స్ట్రా మేలు. నిజమైన గేట్లకు ఉన్నట్టే వెనుక భాగాన చిన్న నట్టు బరువుగా కట్టండి. 0, 180 డిగ్రీల కొసల దాకా పంపకుండా 10 నుంచి 100 మధ్య వాడండి, కొసల్లో మోటారు లోపలి అడ్డును నెడుతూ జుమ్మంటుంది. కర్ర బిగించే ముందు మోటారును 90కి పంపి, అప్పుడు మోటారు ఇరుసుకు తగిలించే ప్లాస్టిక్ కొమ్మును (హార్న్) గుచ్చి స్క్రూ వేయండి. ఎస్‌జీ90 పళ్లు ప్లాస్టిక్‌వి కాబట్టి కరెంటు ఉన్నప్పుడు కర్రను చేత్తో తిప్పవద్దు.

సమస్య: ప్రోగ్రాం ఎక్కడం లేదు, దీపం మసకగా వెలగడం లేదు

కంప్యూటర్‌కు పోర్టు కనిపించకపోతే ముందు తీగ మార్చండి, ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే యూఎస్‌బీ తీగలు చాలా ఉన్నాయి. చవక బోర్డులకు, వాటిలోని యూఎస్‌బీ చిప్పు కోసం, కంప్యూటర్‌లో సీహెచ్340 డ్రైవర్ వేయాలి. 0, 1 పిన్నులకు సెన్సర్ కలిపి ఉంటే తీసేయండి, ప్రోగ్రాం ఎక్కే దారి అదే. సర్వో లైబ్రరీ వాడుతున్నప్పుడు ఊనో మీద 9, 10 పిన్నుల్లో, దీపాన్ని మసకగా వెలిగించే అనలాగ్‌రైట్ పనిచేయదు. బజరుకు టోన్ వాడితే 3, 11 పిన్నుల్లో ఇబ్బంది వస్తుంది. మసకగా వెలగాల్సిన దీపాలను 5 లేదా 6కు మార్చండి.

సమస్య: కర్ర మధ్యలో తట్టుకున్నా రైలుకు పచ్చ దీపం వెలుగుతోంది

రైలుకు ఎరుపు, పచ్చ సిగ్నల్ దీపాలు కూడా పెట్టిన నమూనాలో వచ్చే చిక్కు ఇది. మోటారుకు “మూసెయ్” అని చెప్పగానే గేటు పడిపోయినట్టే ప్రోగ్రాం అనుకుంటుంది. కర్ర కింద బొమ్మ లారీ ఇరుక్కున్నా దానికి తెలియదు. కర్ర కొస వచ్చి వాలే చోట చిన్న మైక్రోస్విచ్ పెట్టండి. కర్ర నిజంగా దిగి స్విచ్‌ను నొక్కితేనే రైలుకు పచ్చ దీపం, లేకపోతే ఎరుపు. స్విచ్‌ను కూడా తీగ ఊడితే ఎరుపే ఉండేలా కలపాలి: ఒక కాలు గ్రౌండ్‌కు, ఇంకో కాలు పుల్‌అప్ పిన్నుకు, నొక్కినప్పుడు రెండూ కలిసే కాళ్లను ఎంచుకోవాలి. పిన్ను సున్నా అయితేనే గేటు పడినట్టు. మూయమని చెప్పి మూడు సెకన్లయినా స్విచ్ నొక్కుకోకపోతే బజరు ఆగకుండా మోగాలి.

ప్రదర్శన రోజున నమూనాను బల్ల మీద అమర్చాక అక్కడి వెలుతురులోనే ఈ నాలుగూ చేసి చూడండి: గేటు పడి ఉండగా సందు సరిగ్గా సెన్సర్ ఎదుట ఉండేలా రైలును ఆపడం, ఒక్కో సెన్సర్ తీగను వరుసగా పీకడం, రైలు మధ్యలో ఉండగా కరెంటు తీసి ఇవ్వడం, కర్ర కింద వేలు పెట్టడం. మొదటి మూడింటిలో గేటు మూసే ఉండాలి, నాలుగోదానిలో ఎర్ర దీపం వెలగాలి. ఏదైనా తప్పితే పైన దానికి సంబంధించిన సమస్య దగ్గరికి వెళ్లి, మళ్లీ కరెంటు నుంచి మొదలుపెట్టండి.